మా కుక్కను దువ్వింది నేనే

మా కుక్కను దువ్వింది నేనే. ఈ మాట మొదటే రాసిపెడుతున్నాను. ఎందుకంటే మా అత్తగారి వైపు చుట్టాల్లో ఎవరినైనా అడగండి, అది "పెద్దల్లుడు గారి కుక్క" అంటారు. కళ్లు తెరిచిన కొద్ది వారాల నుంచి కన్నుమూసేదాకా అది విజయవాడలో మా ఇంట్లోనే ఉంది. మా అన్నం తిన్నది, మా గుమ్మం ముందు పడుకుంది, పక్క వాటా వాళ్ల చెప్పులు కొరికి మాకు మాటలు తెచ్చింది. పెద్దల్లుడు గారు, అంటే మా ఆవిడ అక్క మొగుడు, హనుమాన్ జంక్షన్‌లో ఉంటారు. ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి, ఓ పూట ఉండి, భోంచేసి వెళతారు. అయినా కుక్క ఆయనది.

ఎందుకు ఆయనదంటే, తెచ్చింది ఆయన. తొంభైల నడుమ మా వీధిలో తెల్ల పమేరియన్ లేని ఇల్లు ఇల్లే కాదన్నట్టు ఉండేది. ఆయనకు హైవే పక్కన లారీ టైర్ల షాపు. తెలిసిన లారీ ఓనరు ఇంట్లో కుక్క పిల్లల్ని పెడితే, ఒకదాన్ని పండ్ల బుట్టలో పెట్టుకుని వ్యానులో తీసుకొచ్చారు. నన్ను అడగలేదు. బుట్ట మా ఆవిడ చేతిలో పెట్టి, "మరదలు పిల్లా, నీకు తోడుగా ఉంటది. తమ్ముడు ఎటూ కప్పల్తో బిజీ గదా" అన్నారు. అందరూ నవ్వారు.

నేను కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటుని. విద్యార్థులకు కప్పల్ని, బొద్దింకల్ని సిద్ధం చేసి పెట్టడం నా పనిలో ఒక భాగం. ఒక భాగమే. మా పెళ్లినాడే ఆయన ఈ సంగతి తెలుసుకుని, విడిది ఇంట్లో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ అందరూ ఉండగా నన్ను "కప్పల డాక్టరు" అని పరిచయం చేశారు. ఆ పేరు గుడివాడ పక్కన మా అత్తగారి ఊరంతా పాకి, అక్కడే స్థిరపడిపోయింది. ఆ మాట అన్నప్పుడు ఆయన చేతిలో కూల్‌డ్రింక్ సీసా ఉంది. ఏ కూల్‌డ్రింకో కూడా నాకు గుర్తుంది.

కుక్కకు పేరు పెట్టింది కూడా ఆయనే. అందుకే ఆ పేరు ఇక్కడ రాయను. నేను దాన్ని ఎప్పుడూ "ఏమే" అనే పిలిచాను. అలా పిలిచినా వచ్చేది.

ఆ జాతి కుక్కకు బొచ్చు రెండు పొరలు. పైది పొడుగ్గా, కాస్త గరుగ్గా ఉంటుంది. లోపలిది దూది. ఎండలు ముదిరే ముందు ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి ఆ దూది ఊడుతుంది. ఊడినది నేల మీద పడితే చీపురుతో పోతుంది. పడకుండా పై బొచ్చులో ఇరుక్కుంటుంది, చుట్టూ ఉన్న మంచి వెంట్రుకల్ని కూడా తనలోకి లాక్కుని ఉండ కడుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే వరండా మెట్టు మీద కూర్చుని, పెద్ద పళ్ల దువ్వెనతో ఒకసారి, సన్న పళ్ల దువ్వెనతో ఇంకోసారి దువ్వుతూ నేనే కనిపెట్టాను. బొచ్చును వెనక్కి మడిచి, పాయ పాయగా విడదీసి, చర్మం కనబడేదాకా దువ్వాలి. పైపైన దువ్వితే నిగనిగలాడుతూ కనిపిస్తుంది, కింద ఉండలు అలాగే ఉంటాయి.

అది ఒప్పుకునేది కాదు. మొదట గుర్రుమనేది, తర్వాత తల తిప్పి పళ్లు ఆనించేది, అప్పటికీ మానకపోతే కరిచేది. నా ఎడమ చేతి బొటనవేలి మొదట్లో ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. కరిచినా ఆ పూట దువ్వడం పూర్తిచేసే లేచేవాణ్ణి. నా పద్ధతి అది.

ఇక పెద్దల్లుడు గారు వచ్చే ఆదివారం చూడాలి. వ్యాను వీధి మొదట్లో మలుపు తిరగగానే దీనికి తెలిసిపోయేది. గేటు మీదికి ఎగిరేది, మూలిగేది, ఆయన చెప్పుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆయన ఒళ్లో వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్లూ గాల్లో పెట్టేది. ఆ పొట్ట నాకు ఒక్కనాడూ చూపించలేదు. పొట్ట కింద దువ్వాలంటే నేను దాంతో యుద్ధం చేయాలి. ఆయన ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని (ఆ కుర్చీ ఆయన వచ్చిన రోజు ఆయనది, రాని రోజు మా దగ్గరే ఉండే మా అత్తగారిది) పొట్ట మీద వేళ్లు ఆడిస్తూ, "అబ్బ, పట్టు కుచ్చులా ఉందే! మరి జాతి అంటే అదీ. నా సెలక్షన్ అట్టా ఉంటది" అనేవారు.

ఆ పట్టు కుచ్చు నా సాయంత్రాలు. ఆ మాట అక్కడ ఎవరికీ తోచలేదు. మా ఆవిడకు కూడా.

"కుక్క దగ్గర కూడా అసూయేంటండీ?" అంది ఒకసారి, ఆయన వెళ్లాక.

"అసూయ కాదు, న్యాయం."

"న్యాయం అయితే మొహం అంత నల్లగా పెట్టుకోరు."

తర్వాత ఆలోచించాను. అసూయే. దానికి ఇంకో పేరు వెతకడం నాకు చేతకాదు. కాకపోతే అసూయపడ్డవాడి మాట అబద్ధం అని ఎక్కడా లేదు.

రెండు వేలు దాటిన కొన్నేళ్లకు కుక్క ముసలిదైంది. ముందు కళ్లలో నీలిపొర వచ్చింది. తర్వాత వెనక కాళ్లు బలం తప్పాయి. వరండా మెట్టు దగ్గర ఆగి నా వైపు చూసేది, ఎత్తుకోబోతే గుర్రుమనేది. ఆ తర్వాత బొచ్చు పాడైంది. వయసులో ఉన్న కుక్క తన ఒళ్లు తనే చూసుకుంటుంది. నాక్కుంటుంది, చిన్న చిన్న ముళ్లు పడితే పళ్లతో తనే విడదీసుకుంటుంది. ముసలిదానికి మెడ తిరగదు. పళ్లు కొన్ని ఊడిపోయాయి, నన్ను కరిచేవి మాత్రం మిగిలాయి. పైగా ఎప్పుడూ ఎడమ పక్కకే పడుకునేది. ఆ పక్క బొచ్చు నేలకు నలిగి నలిగి అట్ట కట్టింది. చెవుల వెనక చింతగింజలంత ఉండలు, ముందు కాళ్ల చంకల్లో నిమ్మకాయలంత ఉండలు, తొడల వెనక పొడుగు బొచ్చంతా కలిసి ఒకే ముక్క.

చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే అయితే నేను అంత బాధపడేవాణ్ణి కాదు. ఉండ చర్మాన్ని గుంజి పట్టుకుంటుంది. మన తలలో ఒక పాయను ఎవరో పిడికిట్లో బిగించి పొద్దస్తమానం వదలకపోతే ఎలా ఉంటుంది? అడుగు వేసినప్పుడల్లా చంకలో అలా గుంజుతుంది. అందుకే అది అడుగులు తగ్గించింది. ఉండ కింద గాలి ఆడదు. మా ఊరి ఉక్కలో అక్కడ చెమ్మ చేరి చర్మం కమిలి, ఒక రకమైన పులిసిన వాసన వచ్చేది. నేను దువ్వడం మానలేదు. నొప్పి పెరిగి అది ఒప్పుకోవడం మానేసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. మా ఇళ్లలో తలంటుకు ఒక వరస ఉంది. ముందు నూనె, తర్వాత కుంకుడుకాయ రసం, తర్వాత సాంబ్రాణి పొగ, అన్నీ అయ్యి జుట్టు ఆరాక చివర్లో చిక్కు తీయడం. కుక్కకూ మేం అదే వరస పాటించాం. వయసులో ఉండగా ఏమీ కాలేదు. ముసలిదయ్యాక మాత్రం తలంటిన ప్రతిసారీ ఉండలు ముందుకంటే గట్టిపడ్డాయి. ఉండ నీళ్లు తాగి, ఆరేటప్పుడు బిగుసుకుని, గొంగళి ముక్కలా అవుతుంది. కుక్కకు ముందు చిక్కు తీయాలి, ఆ తర్వాతే నీళ్లు. ఇంట్లో ఈ మాట చెప్పాను. మా అత్తగారు నన్ను జాలిగా చూసి, "ఇద్దరాడపిల్లల తలలు దువ్వి పెళ్లిళ్లు చేసినదాన్ని బాబూ. తలంటు సంగతి మీరు నాకు చెబుతారా?" అన్నారు.

చివరికి పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దాని రొమ్ముకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు.

"మత్తిచ్చి మొత్తం గొరిగేయొచ్చండీ. పెద్ద పనేం కాదు. కానీ ఈ గుండెకు మత్తిస్తే మళ్లీ లేచిద్దని నేను చెప్పలేను."

"మరెలాగండీ?"

"మెలకువగా ఉండగానే రోజూ కొంచెం కొంచెం తియ్యాలి. ఎవరి దగ్గర కదలకుండా ఉంటదో వాళ్లు చేస్తే మంచిది."

నేను నోరు తెరిచే లోపు మా ఆవిడ, "మా బావగారి దగ్గరైతే ఉంటదండీ" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో బెంజ్ సర్కిల్ దాటేదాకా నేను ఆమెతో మాట్లాడలేదు.

డాక్టరు గారి మాట అత్తగారి ద్వారా హనుమాన్ జంక్షన్ చేరింది. ఆ ఆదివారమే పెద్దల్లుడు గారు దిగారు. కుక్క గేటు మీదికి ఎగరలేదు. కూర్చున్న చోటే తోక ఊపింది. ఆయన ఎత్తుకుని పొట్ట కింద చెయ్యి పెట్టి, ఆగిపోయారు.

"ఇదేంటి తమ్ముడూ! కుక్కా ఇది, పాత పరుపా?"

"ముసలిదైంది అన్నగారూ."

"నేనూ ముసలోణ్ణవుతున్నా. నాకేమన్నా అట్టలు కట్టినయ్యా?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నేను రోజూ చూస్తూనే ఉన్నానండీ. డాక్టరు గారు ఏమన్నారంటే..."

"చూడ్డం వేరు, చెయ్యడం వేరు తమ్ముడూ. నా చేతిలో అయితే ఇది కిక్కురుమనదు. మా ఇంటి వెనక బోలెడంత స్థలం ఉంది, ఏసీ గది ఉంది. నేను తీసుకుపోతా. వచ్చే ఆదివారం మీ అక్కను కూడా తీసుకొస్తా, కలిసి పట్టుకుపోతాం. దాని ఆఖరి రోజులన్నా సుఖంగా గడవనియ్."

"పంపిద్దామండీ," అంది మా ఆవిడ మెల్లగా. "దానికే మంచిది గదా."

"ఆయన దగ్గర బతికిపోయిద్ది," అన్నారు అత్తగారు.

మా ఇంట్లో పెరిగిన కుక్క ఎక్కడ చావాలో వాళ్ల ముగ్గురూ నా వరండాలో, నేను పోసిన టీ తాగుతూ నిర్ణయించేశారు.

"వచ్చే ఆదివారం మీరు వచ్చేసరికి దీని ఒంటి మీద ఒక్క ఉండ కనబడితే తీసుకెళ్లండి," అన్నాను. "కనబడకపోతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకూడదు."

ఆయన నా భుజం తట్టారు. "సరే గానీ, అలవాట్లో కప్పని చీల్చినట్టు చీల్చి పెట్టేవు. జాగ్రత్త."

ఆ వారం నేను చేసిన పనిని మా ఇంట్లో ఎవరూ చూడలేదు. చూశారు గానీ చూసినట్టు గుర్తు పెట్టుకోలేదు. అందుకని చెబుతాను.

నా సొంత డిసెక్షన్ బాక్సు తీశాను. అందులో మొన మొద్దుగా ఉండే చిన్న కత్తెర, కర్రపిడి సూది, చిమటా ఉన్నాయి. అది తిన్న వెంటనే, నిద్ర కళ్లకు వచ్చే వేళ చూసి పక్కన కూర్చునేవాణ్ణి. ముందు ఉండ మీద పౌడరు చల్లి వేళ్లతో నలపాలి. పౌడరు లోపలికి దిగితే వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. తర్వాత ఉండకూ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పెట్టి వెంట్రుకల మొదలు గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు ఉండను ఎంత కదిపినా ఆ లాగుడు నా వేళ్ల దగ్గర ఆగుతుంది, చర్మం దాకా పోదు. సూదితో అంచు నుంచి ఒక్కొక్క పోగే విడదీయాలి. నడుమ నుంచి మొదలుపెడితే ఇంకా బిగుస్తుంది. విడిపోని ఉండను అడ్డంగా కోయకూడదు. వెంట్రుక వాలు వెంట నిలువుగా చీలిస్తే ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. అట్టలో చర్మం కూడా మడతపడి పైకి లేచి ఉంటుంది కాబట్టి, వేలు అడ్డం లేకుండా కత్తెర పెట్టనే కూడదు.

అది గుర్రుమనగానే ఆపేవాణ్ణి. ఇది నాకు కొత్త. అన్నేళ్లూ పట్టుదలతో పూర్తిచేసే లేచేవాణ్ణి అని చెప్పాను కదా. ఆ వారం దాని మాట విన్నాను. ఆపితే కాసేపటికి అదే నా మోకాలికి వీపు ఆనించేది. మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. కాలేజీకి సెలవు పెట్టాను. చెవుల వెనక ఉండలు పోయాయి. ఎడమ పక్క అట్ట పోయింది. అక్కడ చర్మం గులాబీ రంగులో బయటపడితే ఆముదం రాశాను. తొడల వెనక ముక్క సగానికి పైగా విడిపోయింది. కరిచింది, అవును. కానీ శనివారం సాయంత్రానికి అది లేచి, ఎవరూ పిలవకుండా, గేటు దాకా నడిచి వెళ్లి వచ్చింది.

"చూశావా?" అన్నాను మా ఆవిడతో.

"చూశాను," అంది. "బావగారు చూస్తే సంతోషపడతారు."

చంకల్లో రెండు ఉండలు, తొడల వెనక కొసలు మిగిలాయి. వాటిని కూడా పౌడరుతో నలిపి, అంచులు విప్పి, వదులు చేసి పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే కూర్చుంటే వాళ్లొచ్చే లోపు అయిపోతుంది.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ సంచి చేతికిచ్చింది. "బావగారికి మీరు తెచ్చే మటన్ అంటేనే ఇష్టం. త్వరగా వెళితే మంచి ముక్క దొరుకుద్ది." ఆయన భోజనానికి మటన్ తేవడానికి నేను వెళ్లాలి. వెళ్లాను. అల్లుడు వచ్చిన రోజు మాంసం లేకపోతే మా అత్తగారి ఇంటి పరువు పోతుంది, ఆ ఇల్లు మాదే అయినా సరే. కొట్టు దగ్గర జనం. తొడ ముక్క కోసం నిలబడి, అడిగి, అరిచి, తీసుకుని వచ్చాను.

గేటు తీయగానే సాంబ్రాణి వాసన వచ్చింది.

వరండాలో కుక్క తడిసి ముద్దై నిలబడి ఉంది. మా ఆవిడ తువ్వాలుతో తుడుస్తోంది. అత్తగారు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగను దాని పొట్ట కిందికి విసురుతున్నారు.

"కుంకుడుకాయతో తలంటామండీ," అంది మా ఆవిడ, నవ్వుతూ. "పౌడరంతా పోయి ఎంత తెల్లగా వచ్చిందో! ఇక ఆరిందంటే చిక్కు తియ్యడం మీకు తేలిక."

నేను సంచి కింద పెట్టి చంకలో చెయ్యి పెట్టి చూశాను. వదులు చేసి పెట్టిన అంచులు మళ్లీ చుట్టుకున్నాయి. నిప్పుల వేడికి ఒక పక్క అప్పుడే ఆరి, ఉండ కొబ్బరి పీచులా గట్టిపడింది. తొడల వెనక విడిపోయిన బొచ్చు కూడా నాలుగు తాళ్లుగా పేనుకుంది.

"నీళ్లు పొయ్యొద్దని చెప్పానా లేదా?"

"చుట్టం వచ్చే రోజు మురికితో కూర్చోబెడతామా బాబూ?" అన్నారు అత్తగారు. "పెద్దల్లుడు గారు ఒళ్లో పెట్టుకుంటారు గదా."

ఆయన ఒళ్లో పెట్టుకుంటారని! నా వారం పనిని ఆయన లుంగీకి మరక అంటకుండా కడిగేశారు. నా నోటిదాకా వచ్చింది అత్తగారితో అనే మాట కాదు.

కత్తెర అందుకునే లోపే వ్యాను వచ్చింది. ఆయనా, మా వదినా దిగారు. ఆయన మెట్ల మీదే కుక్కను ఎత్తుకుని, చెవుల వెనక చూశారు, పక్కలు చూశారు, "పర్లేదే" అన్నారు. తర్వాత చంకలో చెయ్యి పెట్టారు.

"తమ్ముడూ, ఓడిపోయావ్."

"ఇవాళ పొద్దున నీళ్లు పోయకపోతే..."

"సాకులొద్దులే. మాటంటే మాటే." కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టారు. అది పడుకుంది కూడా, ఎప్పటిలాగే, కాళ్లు వదిలేసి. "ఏడీ, ఆ కప్పల కత్తెర ఇట్టా ఇవ్వు. రెండు నిమిషాల్లో పీకి పారేస్తా. అదేంటో మీరంతా దీన్నొక ఆపరేషన్ చేశారు."

"అన్నగారూ, లాగకండి. మొదలు పట్టుకోవాలి. వేళ్లు కింద పెట్టి..."

"నాకు తెలుసులేవయ్యా. బంగారం, నేనే రా." ఆయన చంకలో ఉండను గుప్పిట్లో పట్టుకుని పైకి గుంజారు.

కుక్క ఆయన చూపుడువేలు కరిచింది. ఆనించి వదలడం కాదు. పట్టి, తల విదిల్చి, ఇంకోసారి పట్టింది. ఒళ్లోంచి జారిపడి, కుంటుకుంటూ బల్ల కిందికి దూరింది.

నాకు సంతోషం కలగాలి. కలిగింది. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. అన్నేళ్లలో ఆ కుక్క నన్ను తప్ప ఎవరినీ కరవలేదు. నొప్పి ఉన్న చోటికి వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కరిచేది. మా ఇద్దరి మధ్య ఉన్నది అదొక్కటే. ఇప్పుడు అది కూడా ఆయనకు దక్కింది.

ఇక చూడండి సందడి. మా ఆవిడ నీళ్లు, అత్తగారు పసుపు గిన్నె, మా వదిన కొంగు చింపబోవడం. "అయ్యో అయ్యో, వేలు పోయింది" అని అత్తగారు. నా చేతి మీద ఇన్ని మచ్చలున్నాయి, ఆ గిన్నె ఒక్కసారి కూడా నా దాకా రాలేదు. నేనే ఆయన్ను స్కూటరు మీద ఇంజెక్షనుకు తీసుకెళ్లాను. దారిలో వెనక నుంచి ఆయన ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నారు.

"నన్ను కరిచింది తమ్ముడూ. నన్ను!"

ఆ గొంతులో కోపం లేదు. ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలుసు. అది ఇన్నాళ్లూ నాదే.

తిరిగి వచ్చేసరికి మా వదిన తేల్చేసింది. "కరిచే కుక్క నా గడప తొక్కడానికి వీల్లేదు. ఏసీ గదిలో పెట్టేది దీన్నా? ఇక్కడే ఉండనీ." ఆయన మటన్ కూర కూడా ఎడమ చేత్తో చెంచాతో తిని, బల్ల కింద ఉన్నదాన్ని పిలవకుండానే వ్యాను ఎక్కారు. కుక్క నాకు మిగిలింది. ఎవరూ అది నీదే అనలేదు. మిగిలింది అంతే.

కుక్క మిగిలింది, తొడల వెనక తాళ్లు ఎలాగో విప్పాను, కానీ చంకల్లో ఉండలు మిగిలే ఉన్నాయి. ఆ గుంజుడు తర్వాత అది చంక దగ్గరికి నా చెయ్యి కూడా రానివ్వలేదు. పౌడరు డబ్బా మూత చప్పుడు వింటేనే బల్ల కిందికి పోయేది. మళ్లీ నడక మానేసింది. కుడి చంకలో నుంచి వాసన మొదలైంది. డాక్టరు గారు పుండు పడితే కష్టమన్నారు, మత్తు మాట మళ్లీ ఎత్తలేదు.

అలాంటి ఒక సాయంత్రం ఫోను మోగింది. హనుమాన్ జంక్షన్ నుంచి ఆయన. ఇంటికి రావడానికి ఆయనకు మొహం చెల్లలేదనుకుంటాను.

"అది ఎట్టా ఉంది?"

"ఉందండీ."

"నా మీద కోపంగా ఉందంటావా?"

"కుక్కకు కోపాలేంటండీ?"

"ఒకసారి ఫోను దాని చెవి దగ్గర పెట్టవా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. అయినా మా ఆవిడ వింటోంది. రిసీవరు ఆమెకు ఇచ్చాను. ఆమె ఫోను బల్ల దగ్గర నేల మీద కూర్చుని, కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని, రిసీవరు దాని చెవి దగ్గర పెట్టింది. లారీల హోరులో అరిచి అరిచి అలవాటైన గొంతు, రిసీవరు లోంచి గదంతా వినిపించింది. "బంగారం! ఏం రా! నేనే రా!"

కుక్క తల పైకెత్తింది. చెవులు నిలబడ్డాయి. తోక నేలను రెండుసార్లు కొట్టింది. ఆ గొంతు ఎటు నుంచి వస్తోందో వెతుకుతూ ముందు కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి కూడా బిగబట్టినట్టు అలాగే ఉండిపోయింది. నేను వెనక నుంచి చూస్తున్నాను. అప్పుడు కనబడింది, కుడి చంక. పూర్తిగా తెరుచుకుని, నా చేతికి అందేంత దూరంలో.

డిసెక్షన్ బాక్సు అలమరలోనే ఉంది. చప్పుడు కాకుండా తీశాను. పౌడరు జోలికి పోలేదు. రెండు వేళ్లు ఉండ కిందికి పోనిచ్చి మొదలు పట్టుకున్నాను. అది ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్లీ ఆ గొంతు వైపు తల వంచింది. ఇంతలో అటు పక్క మాట ఆగింది.

"విన్నదా? ఇక పెట్టేస్తా తమ్ముడూ."

"పెట్టేయకండి!" అని అరిచాను. "మాట్లాడుతూ ఉండండి."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. టైర్ల సంగతి చెప్పండి."

ఆయన చెప్పారు. ఏ లారీకి ఏ టైరు పేలిందో, వానల్లో రీట్రెడ్ చేసిన పాత టైర్లు ఎందుకు నిలవవో, పక్క షాపు వాడు ఎలాంటి దొంగో, అన్నీ దానికి చెప్పారు. కుక్క ఒక్క మాట వదలకుండా విన్నది. నేను ఉండను నిలువుగా చీల్చాను, మళ్లీ చీల్చాను, ముక్క ముక్కగా బయటికి తీశాను. కింద చర్మం ఎర్రగా, తడిగా ఉంది. ఇంకొన్నాళ్లయితే పుండే. మందు రాసేటప్పుడు కూడా కదలలేదు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పొద్దని.

"చూశావా తమ్ముడూ," అన్నారు ఆయన చివర్లో. "ఎంతైనా నా గొంతు వినకుండా ఉండలేదు."

నేను రిసీవరు అందుకున్నాను. కత్తెర ఇంకా రెండో చేతిలోనే ఉంది.

"ఉండలేదండీ," అన్నాను. "రేపు కూడా ఇదే టైముకి చెయ్యండి."

ఎడమ చంక ఇంకా మిగిలి ఉంది.